పొద్దున పోయి మాపటికి తిరిగి రావచ్చు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో విహారయాత్రల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మా ఉపసంఘానికి సంఘం వారు అప్పగించిన పని చిన్నది. సభ్యుల కుటుంబాలు ఒక్క పూట ఇల్లు వదిలి పోయి రావడానికి అనువైన చోట్లేవో చూసి చెప్పమన్నారు. రాత్రి బస ఉండకూడదు, ఖర్చు చెయ్యి దాటకూడదు, ముసలివాళ్లు కూడా రాగలగాలి. ఇవీ షరతులు. చోట్లు వెదకడం ఎంతసేపు? మన చుట్టూ ఉన్నవే! కానీ పని మొదలుపెట్టి ఇల్లిల్లూ తిరిగి, మీరు ఇంతవరకు ఏమేం చూశారని అడిగినప్పుడు మాకు నోట మాట రాలేదు. మగవాళ్లు హైదరాబాదు చూశారు, బెంగుళూరు చూశారు, కొందరు అజ్మీరు పోయి వచ్చారు, కువైటులో పదేండ్లున్న వాళ్లు కూడా ఉన్నారు. అదే ఇంట్లో ఆడవాళ్ల నడిగితే పుట్టిల్లు, మెట్టినిల్లు, పెండ్లి పిలుపులు, ఆస్పత్రి. అంతే. ఆళ్లగడ్డలో ఒక పెద్దామె, "కర్నూలు పెద్దాసుపత్రి చూసినా నాయనా, ఇంకేం చూడాల?" అన్నది. నవ్వుతానే అన్నది. మేం మాత్రం నవ్వలేకపోయాం.

కనుక ఈ ప్రసంగం చోట్ల గురించే అయినా, ఆ పెద్దామె మాటకు జవాబుగా కూడా వినవలసిందిగా మనవి.

ముందు దగ్గరివి. నంద్యాల వాళ్లకు మహానంది ఉంది, ఇరవై కిలోమీటర్ల లోపే. నల్లమల అంచున కొండ పాదం నుండి ఊరే నీళ్లు కోనేట్లో అడుగున పడేసిన నాణెం కనపడేంత తేటగా ఉంటాయని, ఎండాకాలంలో కూడా తగ్గవని అందరికీ తెలిసిందే. ఆ నీళ్లతోనే చుట్టూ అరటి తోటలు, వరి మళ్లు. ఆళ్లగడ్డ వాళ్లకు అహోబిలం అంతే దగ్గర. అక్కడ నరసింహస్వామి చెంచుల ఆడబిడ్డను పెండ్లాడాడని, పారువేట పండగకు ఆ స్వామి ఊరూరా తిరిగి పిలుపులు చేసి వస్తాడని చిన్నప్పటి నుండి వింటున్నాం. ఇవి మన ఇరుగుపొరుగు వాళ్ల పుణ్యక్షేత్రాలు. అక్కడికి పోయినప్పుడు వాళ్ల నియమాలు మన్నించి, పోగలిగినంత వరకు పోయి, అడవి అంచున చెట్ల కింద అన్నం తిని రావచ్చు. అహోబిలం పోయే వాళ్లు ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల దగ్గర కాసేపు ఆగితే బాగుంటుంది. ఉలి చప్పుడు విని దాటిపోతాంగాని, బండ ఏ తీరున ముఖమవుతుందో నిలబడి చూసినవాళ్లం తక్కువ.

రైలు మీద మోజు ఉన్న పిల్లలకు ఇంకొక దారి ఉంది. నంద్యాల నుండి గిద్దలూరు వైపు ప్యాసింజరు ఎక్కితే గాజులపల్లె దాటినాక రైలు నల్లమలలోకి జొరబడుతుంది. బొగద దగ్గర సొరంగం. మీటరుగేజి కాలంలో దొరబావి వంతెన మీద రైలు పోతుంటే కండ్లు మూసుకున్నవాళ్లు ఈ సభలోనే కొందరున్నారు. ఆ పాత దారి ఇప్పుడు లేదు, బ్రాడ్‌గేజికి వేరే దారి వేశారు. అయినా అడవి అడవే. కంభం దాకా పోతే గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలంలో కట్టిన చెరువు చూడవచ్చు. కొండల నడుమ అంత నీళ్లు చూస్తే పిల్లలు సముద్రమని కేకలు పెడతారు.

ఇక మేం ముఖ్యంగా చెప్పదలచినది బనగానపల్లె దారి.

బనగానపల్లె అనగానే మామిడి పండు గుర్తుకొస్తుంది. రావలసిందే. దాన్ని ఉర్దూలో బేనిషాన్ అంటారు, అంటే మచ్చ లేనిదని. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఆ ఊరు ఒకప్పుడు ఒక సంస్థానమని, నవాబుల ఏలుబడిలో ఉండేదని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? 255 చదరపు మైళ్ల చిన్న రాజ్యం. మద్రాసు ఏజెన్సీ కింద తిరువాన్కూరు, కొచ్చిన్, పుదుక్కోట, సండూరుతో పాటు లెక్కలోకి వచ్చేది. ఆ అయిదింటిలో ముస్లిం ప్రభువు ఉన్నది ఇదొక్కటే. 1948 ఫిబ్రవరిలో మద్రాసు రాష్ట్రంలో కలిసి కర్నూలు జిల్లాలో భాగమైంది, 2022 ఏప్రిల్ నుండి మన నంద్యాల జిల్లాలో ఉంది. ఊరి బయట గుట్ట మీద నవాబుల బంగళా ఉంది. 2009లో వచ్చిన 'అరుంధతి' సినిమా అక్కడ తీశారు. అప్పటి నుండి దాని పేరు అరుంధతి కోట అయిపోయింది. దూరం నుండి వచ్చేవాళ్లు దయ్యం కోట ఎక్కడని అడుగుతారు. సినిమా తీసినవాళ్లను తప్పుపట్టే పని లేదు, ఆ సినిమా వల్లనే నలుగురు వచ్చి చూస్తున్నారు. నవాబుల బంగళా అని చెప్పవలసినవాళ్లం మనం. మనం చెప్పలేదు గనుక సినిమా పేరు నిలబడింది. ఒక తరం చెప్పకపోతే పేరు ఇట్లా మారిపోతుంది.

ఆ ఊళ్లోనే ఇంకో సంగతి ఉంది. పోతులూరి వీరబ్రహ్మం గారు గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాశారని, దగ్గరలోని రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆయన ప్రియశిష్యుడు సిద్ధయ్య దూదేకుల బిడ్డ. ఈ హాలులో సగం మంది దూదేకుల కుటుంబాల వాళ్లమే కదా! సిద్ధయ్య నాటకం వస్తే రాత్రంతా మేలుకొని చూస్తాం. ఆ కొండ మాత్రం మనలో చాలామంది చూసి ఉండరు. పక్కనే యాగంటి, అక్కడి నందీశ్వరుని విగ్రహం పెరుగుతున్నదని ప్రతీతి.

ఇంకాస్త ముందుకు పోతే జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం. పైకి చూస్తే ఏమీ ఉండదు, చేలు, తెల్లటి మట్టి గోతులు. ఆ తెల్లటిది మట్టి కాదు, బూడిద. సుమారు 74,000 యేండ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పగిలినప్పుడు సముద్రం దాటి వచ్చి ఇక్కడ పడింది. పాత్రలు తోమే పొడికోసం ఆ బూడిదను తవ్వుకుపోయారు. తవ్విన గోతుల్లో పరిశోధకులు దిగి చూస్తే బూడిదకు పైన, కింద కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయి. అంటే, అంత ఉపద్రవం ముందూ ఇక్కడ మనిషి ఉన్నాడు, తర్వాతా ఉన్నాడు. 2007లో ఈ సంగతి ప్రపంచానికంతా తెలిసింది. పదో తరగతి పిల్లలకు పుస్తకంలో ఆదిమానవుడి పాఠం ఉంటుంది, ఆదిమానవుడేమో నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు.

అవుకు జలాశయం మీదుగా కొలిమిగుండ్ల వైపు పోతే బెలుం గుహలు. దారి పొడవునా నాపరాతి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. గుహ అంటే కొండలో ఉంటుందనుకుంటాం. బెలుం దగ్గర కొండ లేదు. చదునైన చేనులో బావి మాదిరి గొయ్యి, అందులోకి మెట్లు. నేల కింద సున్నపురాయిని నీళ్లు లక్షల యేండ్లు కోసి కోసి చేసిన దారులవి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటిని గురించి రాశాడు. ఆ తరువాత వందేండ్ల దాకా పట్టించుకున్నవాళ్లు లేరు. 1982, 83లో జర్మనీ నుండి గెబౌర్ అనే ఆయన బృందం వచ్చి, లోపలికి దిగి కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో ఒకటిన్నర కిలోమీటర్లు 2002 నుండి జనానికి తెరిచారు, దీపాలు పెట్టారు, లోపలికి గాలి కొట్టే ఏర్పాటు చేశారు. పాతాళగంగ అనే చోటు 150 అడుగుల లోతున ఉంటుంది. అక్కడ సన్నగా నీళ్లు పారి ఎక్కడికో మాయమవుతాయి. ఒక గదిలో రాతి ఊడలను కొయ్యతో తడితే స్వరాలు పలుకుతాయి, సప్తస్వరాల గుహ అని పేరు.

లోపల ఉక్క ఎక్కువ. ఆయాసం ఉన్నవాళ్లు, గుండె జబ్బు వాళ్లు, మోకాళ్ల నొప్పులున్న జేజమ్మలు పాతాళగంగ దాకా పోవలసిన అవసరం లేదు. మొదటి విశాలమైన గది వరకు పోయి రాతి సింహాన్ని చూసి తిరిగి రావచ్చు, అది చాలు. బురఖా వేసుకున్న వాళ్లు పలుచని నూలు గుడ్డది వేసుకోండి, మెట్ల దగ్గర అంచు ఎత్తి పట్టుకోండి. మేం ఉపసంఘం వాళ్లం ఇంటి ఆడవాళ్లతో కలిసి ముందుగా పోయి చూసి వచ్చే ఈ మాటలు చెబుతున్నాం.

ఇక గండికోట. ఆళ్లగడ్డ వాళ్లకు కోవెలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా దారి. నంద్యాల వాళ్లకు 2016 నుండి ఎర్రగుంట్ల రైలు ఉంది. బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా జమ్మలమడుగు చేరుస్తుంది. కోవెలకుంట్లలో ఒక్క నిమిషం ఆగి తలచుకోవలసిన మనిషి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 1847 ఫిబ్రవరి 22న కుంఫిణీ వాళ్లు ఆయనను అక్కడే ఉరి తీశారు.

గండికోటలో పెన్నేరు కొండను నిలువునా చీల్చుకొని పారుతుంది. అంచున నిలబడితే కాళ్లు వణుకుతాయి. పిల్లల చెయ్యి వదలవద్దు, ఫోటోల కోసం అంచుకు పోవద్దు, అక్కడ కడ్డీలు లేవు. కోటలో మాధవరాయ స్వామి గుడి, రంగనాథుని గుడి ఉన్నాయి. వాటికి కూతవేటు దూరంలో జామియా మసీదు ఉంది, రెండు మినారులతో. చుట్టూ వరుసగా చిన్న చిన్న గదులు. కోటను పెమ్మసాని నాయకులు ఏలారు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. మీర్ జుమ్లా ఇరాను దేశం నుండి వచ్చి వజ్రాల వ్యాపారంలో పైకి వచ్చినవాడు, చివరకు ఔరంగజేబు దగ్గర చేరి బెంగాలు సుబేదారుగా 1663లో చనిపోయాడు. టావెర్నియె అనే ఫ్రెంచి వర్తకుడు 1652లో గండికోటకు వచ్చి ఆయనను కలిశాడు. ఇస్ఫహాను ఎక్కడ, పారిసు ఎక్కడ, మన పెన్నేటి గట్టు ఎక్కడ! యుద్ధం జరిగింది, కోట చేతులు మారింది, దాచిపెట్టవలసిన పని లేదు. ఇవాళ మాత్రం గుడి గోపురం, మసీదు మినారు ఒకే చూపులో కనబడతాయి. రెంటినీ పురావస్తు శాఖ కాపాడుతున్నది. మన పిల్లలు ఆ రెండు కట్టడాలూ చూడాలి. చూసి, ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో తెలుసుకొని రావాలి. ఫోనుల్లో ఎవరెవరో పంపే మాటలు నమ్మి, తెలియక ఒకరితో ఒకరు వాదులాడే కాలం ఇది. కండ్లారా చూసిన పిల్లవానికి జవాబు చెప్పే నోరుంటుంది.

గల్ఫులో పని చేసి వచ్చిన సోదరులకు ఒక పోలిక చెబుతాం. ట్యునీషియా దేశంలో సముద్రపు ఒడ్డున సూస్ అనే ఊరుంది. యూరపు జనం అక్కడి హోటళ్లలో దిగి ఎండలో పడుకుంటారు. దాంతో తృప్తి పడరు. పొద్దున బస్సెక్కి లోపలి సీమకు పోతారు. ఒక రోజు ఎల్ జెమ్‌లో రోమనుల నాటి రంగస్థలం. ఇంకో రోజు 670లో ఉఖ్బా బిన్ నాఫె స్థాపించిన కైరవాన్ నగరం, అక్కడి పెద్ద మసీదు. సాయంత్రానికి తిరిగి వచ్చేస్తారు. పరాయి దేశస్థులు వేల మైళ్లు వచ్చి కైరవాన్ మసీదు చూసి పోతున్నారు. మనకు గండికోట మసీదు పొద్దున పోతే మాపటికి ఇల్లు చేరే దూరంలో ఉంది.

కర్నూలు గురించి రెండు ముక్కలు. ఆస్పత్రికి పోయినవాళ్లు హంద్రీ ఒడ్డున బీజాపూరు సుల్తానుల తరఫున కర్నూలును పాలించిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధిని, దాని గుమ్మటాలను చూసి రావచ్చు. కొండారెడ్డి బురుజు ఎట్లాగూ చూస్తాం. 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు స్థాపించిన ఉస్మానియా కాలేజీని చదువుకునే ఆడపిల్లలకు చూపించండి. ఆయన పేరుతోనే 2016లో ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. కోట చూసిన పిల్ల కంటే కాలేజీ గేటు చూసిన పిల్ల ఇంటికొచ్చి ఎక్కువ ప్రశ్నలు వేస్తుందని మా నమ్మకం.

ఇప్పుడు మీ అభ్యంతరాలకు వస్తాం. ఇండ్ల వద్ద విన్నవి, మసీదు అరుగు మీద విన్నవి, కొన్ని మా ఇండ్లలోనే విన్నవి.

మొదటిది డబ్బు. పిల్లల పరీక్ష ఫీజులకే నిధి చాలదు, షికారుకు బస్సా అని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్న. జకాతు సొమ్ములో ఒక్క పైసా దీనికి ముట్టము. అది ఎవరికి చెందాలో అల్లాహ్ నిర్ణయించాడు, బస్సు బాడుగ ఆ లెక్కలో లేదు. ఫీజుల నిధినీ ముట్టము. యాత్రకు వేరే చందా, వేరే పుస్తకం. కలిగినవాళ్లు రెండు సీట్లకు కట్టండి, రెండో సీటు ఎవరికిచ్చామో అడగవద్దు. మీకూ చెప్పం, ఆ సీట్లో కూర్చున్న వాళ్లకూ చెప్పం.

ఇంకొకటి ఉంది. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కనుక బనగానపల్లెకో కర్నూలుకో పోవడానికి మన ఆడవాళ్లకు అడ్డు డబ్బు కాదు. తోడు లేకపోవడం, అడగటానికి జంకు, ఆడవాళ్లకు ఎందుకులే అనే మగవాళ్ల మాట. ఈ మూడే. మూడోదానికి మందు మా దగ్గర లేదు, మీ దగ్గరే ఉంది.

రెండోది పరదా. కుటుంబాలతోనే పోతాం. ముందు సీట్లన్నీ ఆడవాళ్లవి, మగవాళ్లు వెనక. అన్నం తినేచోట వేరుగా కూర్చునే ఏర్పాటు ఉంటుంది. భూమ్మీద తిరిగి ముందరివారి గతి ఏమయిందో చూడమని ఖుర్ఆను ఒకటికి నాలుగు చోట్ల చెబుతుంది. ఆ మాట మగవాళ్లకు మాత్రమే అని ఎక్కడా లేదని ఇమాం సాహెబ్ గారే మాతో అన్నారు.

మూడోది నమాజు. ఫజర్ ఇక్కడే చదివి బయలుదేరతాం. జొహర్‌కు దారిలో ఏ ఊరి మసీదులో ఆగాలో ముందే మాట్లాడి పెడతాం. వజూకు నీళ్లు, ఆడవాళ్లు నమాజు చదువుకోవడానికి చోటు ఉన్నదా అనేది స్వయంగా చూసుకొని వస్తాం. జుమా రోజు యాత్ర పెట్టం. నమాజు పూర్తిగా చదవాలా, ఖసర్ చేయాలా అని అప్పుడే ఇద్దరు యువకులు వాదన మొదలుపెట్టారు. ఫత్వా ఇచ్చేవాళ్లం మేం కాము. దూరం కిలోమీటర్లలో రాసి ఇమాం సాహెబ్ గారికి ఇస్తాం, వారు చెప్పినట్లు చేద్దాం.

నాలుగోది ఎవరూ పైకి అనలేదు గాని మాకు వినపడింది. ముసలివాళ్లను మోసుకుపోవడం ఎందుకు, పిల్లలు పోతే చాలదా అని. చాలదు. పిల్లలకు ఇంకా యాభై యేండ్లున్నాయి, కాలేజీ వాళ్లు తీసుకుపోతారు, పెండ్లయితే మొగుడు తీసుకుపోతాడు. జేజమ్మలకు సంఘం తప్ప తీసుకుపోయేవాళ్లు లేరు. ఆస్పత్రికి మోసుకుపోయే కొడుకులు గుహకు ఎందుకు మోసుకుపోకూడదు? చక్రాల కుర్చీలు రెండు బాడుగకు అడిగాం. గుహ మెట్లు దిగలేనివాళ్లు అవుకు చెరువు గట్టున నీడలో కూర్చుంటారు. నీళ్ల మీది గాలి వాళ్లకు తగిలితే చాలు.

కాబట్టి మా ఉపసంఘం నిర్ణయం ఇది. మొదటి యాత్ర బనగానపల్లె, అవుకు, బెలుం. చలికాలంలోనే. ఎండలు ముదిరితే ఆ నాపరాతి సీమలో నిలవలేం. రెండో యాత్ర గండికోట. అహోబిలం, మహానంది వైపు అడవి దారులు ఎవరికి వాళ్లు పోగలరు గనుక బస్సు పెట్టడం లేదు. శ్రీశైలం అడగవద్దు, ఒక్క పూటలో తెమలదు, పులుల అడవి దారిలో రాత్రిపూట బండ్లు పోనివ్వరు.

బస్సు నంద్యాలలో బయలుదేరుతుంది. ఆళ్లగడ్డ వాళ్లు ఫజర్ తర్వాత మొదటి బస్సుకు నంద్యాల చేరుకోవాలి. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నానికి బగారా అన్నం, దాల్చా సంఘం వండిస్తుంది. ఇంటి నుండి మాంసం కూరలు తేవద్దు, ఎండకు చెడతాయి. మందులు వాడేవాళ్లు చీటీతో సహా తెచ్చుకోండి. కాళ్లకు హవాయి చెప్పులు వద్దు, గుహలో జారుతుంది. బెలుం పొద్దుగూకక ముందే మూసేస్తారు గనుక బనగానపల్లె బంగళా దగ్గర అరగంటకు మించి నిలబడం. ఆ అరగంటలో నవాబుల కథ చెప్పడానికి రిటైరయిన మన చరిత్ర మాస్టారు గారు ఒప్పుకున్నారు. మైకు లేదు, దగ్గరికి వచ్చి వినాలి.

పేర్లు రాసుకునే పుస్తకం కోశాధికారి గారి వద్ద ఉంది. తెర అవతల ఇంకో పుస్తకం పెట్టాం, ఆడవాళ్లు తమ పేర్లు తామే రాసుకోవచ్చు, మగవాళ్ల సంతకం అడగం. ఆళ్లగడ్డ పెద్దామె పేరు మొదటి వరుసలో మేమే రాశాం, కిటికీ పక్క సీటు. ఆమె చెల్లెలు కూడా వస్తానన్నదట.